ముందు టైరు మీద బాణం

జూలై 4, శుక్రవారం

ఇది రాయకుండానే ఊరుకునేవాణ్ణి. విత్తనాల దుకాణం వాళ్లు జనవరిలో ఇచ్చిన ఈ డైరీ ఆరు నెలలుగా మా బియ్యం డబ్బాకు మూతగా పనిచేస్తోంది. బాగానే చేస్తోంది కూడా. దాన్ని ఆ ఉద్యోగం నుంచి తప్పించడం నాకు ఇష్టం లేదు. కానీ ఇవాళ ఒక మాట చెప్పుకోవాలి. రోజూ ఎవరితో చెప్పుకుంటానో ఆ మాట వాళ్ల మీదే. అందుకని బియ్యం మీద పళ్లెం బోర్లించి డైరీ తెచ్చుకున్నాను.

మా ఇంటావిడ సుమిత్ర నా బండెక్కనంటోంది.

పోయిన శనివారం స్టేషన్ ఘన్‌పూర్ పోతున్నాం. అక్కడ ఆమె అక్క నీలికి కాలు విరిగి సిమెంటు కట్టు వేశారు. వారానికి రెండుసార్లు ఈమె వండుకుని పోతుంది, నేను తీసుకుపోతాను. తుంపర పడుతోంది. మలుపు దగ్గర ముందు చక్రం జారింది, కింద పరచిన చాపను ఎవరో లాగినట్టు. నేను కాలు ఆనించాను. ఆమె పడింది. మోచేతి తోలు లేచింది. పప్పుచారు రోడ్డు పాలైంది. లేచి, టిఫిన్ డబ్బా గిన్నెలు ఏరుకుని, నా ముఖం చూడకుండా టైరు ముఖం చూసింది.

"మంది బస్సులకు టైర్లేసి మానుకోట డిపోల పేరు తెచ్చుకున్నవ్. నీ బండికేమో బోడిగుండు. టైర్లు మార్చేదాక నేనీ బండెక్క. ఎక్క అంటే ఎక్క."

"బొటనేలు పెట్టి చూసిన. ఇంక రెండు వేల కిలోమీటర్లు నడుస్తది."

"అయితే నీ బొటనేలునే ఎనక కూసోబెట్టుకొని పో."

ఆమె మానుకోట అన్న మహబూబాబాద్ డిపో టైర్ల సెక్షన్‌లో ముప్ఫై ఒక్కేళ్లు చేశాను. రబ్బరు మీద బొటనవేలు నొక్కితే దాని ఆయుష్షు చెబుతానని పేరు. ఒక మేనేజరు సారు గొడుగు మొనతో నొక్కి చూసి "బాగుంది" అనేవాడు. ఆయన బాగుందన్న టైరు వరంగల్ చేరకముందే పేలింది. అది వేరే కథ. నా బండికి కొత్తవి కొనొచ్చు. ఇక్కడ జనగామలో మూడు దుకాణాలు తిరిగాను కూడా. వాళ్లు చూపించిన వాటికి నా వేలు ఒప్పుకోలేదు.

జూలై 6, ఆదివారం

ధర్మేందర్ వచ్చాడు. సుమిత్ర తమ్ముడు. భూపాలపల్లి బొగ్గుబాయిలో చేసి పోయిన ఏడాది రిటైరై, కూతురు అక్షయకు ఇక్కడ టీచరు ఉద్యోగం వచ్చిందని మా వెనక సందులో అద్దెకు దిగాడు. రెండు భుజాలకు రెండు కొత్త టైర్లు తగిలించుకుని వచ్చాడు, గెలిచిన సర్పంచు దండలు వేసుకుని వచ్చినట్టు.

"ఏడ కొన్నవ్?" అన్నాను.

"ఫోన్ల బావా. బండి పేరు కొట్టిన. ఏ సైజు పడుతదో అదే చెప్పింది. మూడు దినాలకు ఇంటి ముంగట పడ్డయ్."

"చెయ్యి పెట్టి చూడకుంటనే?"

"పదకొండు వందల మంది చూసి రాసిన్రు కద బావా, మంచిగున్నయని."

పదకొండు వందల మంది. వాళ్లలో ఒక్కడి బొటనవేలు కూడా నేనెరుగను.

సుమిత్ర వంట వదిలి వచ్చింది. కొత్త టైరు మీద సన్న రబ్బరు వెంట్రుకలుంటాయి కదా, వాటిని ఒక్కొక్కటే నిమురుతూ, "ఎంత ముద్దుగున్నయ్ తమ్మీ!" అంది. ముప్ఫై ఒక్కేళ్లు నేను ఒంటికి టైరు వాసన పూసుకుని ఇంటికొచ్చాను. ఆ వాసనకు గడప బయటే బకెట్ పెట్టి ఉంచేది ఈ మనిషే.

"నువ్వే ఏయాలె బావా," అన్నాడు. "నీ చెయ్యి పడకుంటే నాకు బండి నడిపినట్టే ఉండది."

నొక్కి చూశాను. మెత్తగా లోపలికి పోయి, ఠక్కున తిరిగి లేచింది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూశాను. ఈ ఏడాది పదకొండో వారంలో చేసిన సరుకు. ఒక్క తప్పు దొరకలేదు. అన్నం సయించలేదు.

జూలై 8, మంగళవారం

ధర్మేందర్ బండికి టైర్లు వేశాను. మొదట వెనకది, తర్వాత ముందుది. సబ్బు నీళ్లు, టైరు అంచు ఎక్కించే రెండు ఇనప లివర్లు, ఇంకేం అక్కర్లేదు. వాడు లోపల కూర్చుని అక్కకు ఫోన్‌లో ఏవో చూపిస్తున్నాడు. ఒకసారి బయటికొచ్చి నా బండి ముందు టైరు మీద వంగి జుట్టు సవరించుకున్నాడు.

"అద్దం లెక్క ఉందక్కా, దువ్వెన తే!"

సుమిత్ర నవ్వింది. ఆ నవ్వు నేను చాలా రోజులకు విన్నాను.

అయిపోయాక రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది, కుంకుమ బొట్టు పెట్టింది. వాడు బండెక్కి నిమ్మకాయలు తొక్కించాడు. టీ మొదట వాడికే ఇచ్చింది.

జూలై 9

బాగానే వేశాను.

జూలై 11, శుక్రవారం

సుమిత్ర తమ్ముడి బండి మీద ఘన్‌పూర్ పోయింది. నేను గేటు దగ్గర నిలబడి పంపించాను. ఎవరినో పంపించినట్టు.

నా వెనక కూర్చున్నప్పుడు ఒక చేత్తో సీటు కడ్డీ పట్టుకుంటుంది, రెండో చేత్తో డబ్బా. వాడి వెనక కూర్చుంటే చేయి భుజం మీద వేసింది. తమ్ముడే. నాకు తెలుసు తమ్ముడే. చిన్నప్పుడు ఆమె ఎత్తుకు తిప్పిన తమ్ముడు. అయినా సందు తిరిగేదాకా ఆ చేయినే చూశాను.

సాయంత్రం వచ్చి అంది: "కుదుపే లేదు. గాలి మీద పోయినట్టు పోయినం."

గాలి మీద. నా బండి మీద ఇరవై రెండేళ్లు కూర్చుంది. ఏ రోజూ ఏ గాలీ లేదు.

జూలై 15, మంగళవారం

ఒక అనుమానం. ధర్మేందర్ ముందు టైరు తిరగేసి వేశానేమో.

ఆ టైరు గోడ మీద బాణం ఉంటుంది. బండి ఎటు పోతుందో బాణం అటు తిరిగేలా వేయాలి. అలా వేస్తే టైరు మీద చెక్కిన గాళ్లు వాన నీళ్లను పక్కలకు తోసేస్తాయి. తిరగేసి వేస్తే ఆ నీళ్లను నడిమికి పోగేస్తాయి. పొడి రోడ్డు మీద ఎవడికీ తెలియదు. వానలో, మలుపులో, బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది.

అనుమానమే. ఆ రోజు కళ్లజోడు పెట్టుకోలేదు. ఇవాళ హోటల్ ముందు వాడి బండి ఆగి ఉంది, పోయి చూస్తే తేలిపోయేది. రోడ్డు దాటాలంటే లారీలు వస్తున్నాయి. టీ తాగి వచ్చేశాను.

జూలై 19, శనివారం

నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. మిగతాది టైర్లు నేర్పాయి. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు కానీ నిజం. టైరు గోడ మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి, కళ్లు మూసుకుని వేలితో చదవొచ్చు. డిపో స్టోరు కీపరు సాబు రోజుకొక అక్షరం చూపించేవాడు. నాకు ఇంగ్లీషులో ఏ కంటే ముందు ఆర్ వచ్చు, రేడియల్ టైర్ల పుణ్యాన. అంకెలొచ్చాయి. ఆ తర్వాత మిర్చి బజ్జీల పొట్లాలు, ఆ తర్వాత లైబ్రరీ. లైబ్రరీ అతను ఒకసారి, "కుమారస్వామి సార్, మీరు ఏ ఊళ్లో పంతులు?" అని అడిగాడు. మూడు రోజులు ఆ మాట నములుతూ తిరిగాను.

ఏం రాయబోయి ఇటు వచ్చాను? ఆ. అక్షరాలన్నిటికంటే ముందు సాబు నేర్పింది బాణం. "చదువు రానోనికి గూడ తెల్వాలని పెట్టిన్రు బిడ్డా," అన్నాడు.

కళ్లజోడు మాట కొట్టేస్తున్నాను. వేలితో చదివేవాడికి కళ్లజోడేమిటి.

అయితే టైరు నలుపు, బాణమూ నలుపే. ఆ రోజు ఎండ కూడా కళ్లలో పడుతోంది.

జూలై 24, గురువారం

ధర్మేందర్‌ను భోజనానికి పిలిచింది. కోడికూర. కాలు ముక్క వాడికి పోయింది. నాకు మెడ వచ్చింది. మెడ నాకిష్టమని ముప్ఫై నాలుగేళ్ల కింద ఒకసారి అన్నాను, మర్యాదకు.

చెబుదామనే కూర్చున్నాను. "ఒరే, ఆ ముందు టైరు" అని నోటిదాకా వచ్చింది. అప్పుడే సుమిత్ర, "మీ బావ ఇంక వేలు పెట్టి చూస్తనే ఉన్నడు తమ్మీ, టైర్లకు సంబంధం చూసినట్టు," అంది. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. మెడ ముక్క తిన్నాను.

జూలై 28, సోమవారం

వాన. పొద్దటి నుంచీ.

రాఖీ పున్నమి తొమ్మిదో తారీకు. సుమిత్ర ప్రతి ఏడూ మహదేవపూర్ పోయి పెద్దన్నకు రాఖీ కడుతుంది. నేనే తీసుకుపోతాను. ఈసారి ధర్మేందర్‌తో బండి మీద పోతుందట. భూపాలపల్లిలో పాత క్వార్టర్ల వాళ్ల దగ్గర ఆగి, చాయ్ తాగి, ముందుకు పోతారట. నాలుగు గంటల దారి. అడవి రోడ్డు. ఆగస్టు వాన.

"బస్సుల పో," అన్నాను.

"రాఖీ దినం బస్సా? ఆడోళ్లకు టికెట్ లేదు, నిలవడ జాగ గూడ లేదు. తమ్ముని బండికి కొత్త టైర్లున్నయ్, నీకేం పరేషాన్?"

నాకేం పరేషాన్.

ఆగస్టు 3, ఆదివారం

చూశాను.

టైరు వేసిన ఆ రోజే. ఎండ లేదు, ఏం లేదు. టైరు ఒక అంచు రిమ్ములో ఎక్కింది, రెండోది ఎక్కించడానికి లివరు పెట్టాను. బాణం నా మోకాలి పక్కనే ఉంది. వెనక్కి చూస్తోంది. పొరపాటున అలా వచ్చింది, ఒట్టు, పొరపాటే. తీసి తిప్పితే రెండు నిమిషాల పని. అప్పుడే వాడు దువ్వెన తెమ్మన్నాడు, ఆమె నవ్వింది.

ఎక్కించాను. గాలి కొట్టాను.

ఏమనుకున్నాను? వాడు ఎక్కడో ఒకచోట కాస్త జారాలని. పడొద్దు. జారాలి, అంతే. ఫోన్‌లో కొన్న టైర్లు జారాయని ఆమె అనాలి. ఆ వెనక సీటు మీద ఎవరు కూర్చుంటారో ఆ రెండు నిమిషాలు నాకు గుర్తు లేదు. గుర్తు లేదు అని రాస్తున్నాను. సరే, గుర్తుండే ఉంటుంది.

ఇన్ని రోజులు ఆ బండి దగ్గరికి పోలేదు. చూడనంతసేపు అనుమానంగానే ఉంటుంది కదా.

ఆగస్టు 8, శుక్రవారం

లివర్లు సంచిలో వేసుకుని ధర్మేందర్ ఇంటికి పోయాను. వాడు వరండాలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"రేపు దూరం పోతున్నరు. ముందు టైరు ఒకపారి చూస్త," అన్నాను.

ఇస్త్రీ పెట్టె ఆపాడు. నన్ను చూశాడు. సంచిని చూశాడు.

"మంచిగనే ఉంది బావా. నువ్వేసినవ్ కద."

బండి ఇంటి వెనక రేకుల కింద ఉంది, పదడుగులు. అక్షయ టీ తెచ్చింది. తాగాను. బొగ్గుబాయి లోపల ఎంత వేడి ఉంటుందో వాడు చెప్పాడు, విన్నాను. సంచి తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో సుమిత్ర రాఖీలు కవర్లో పెట్టి, ఆ కవరు మళ్లీ ఇంకో కవర్లో పెడుతోంది, తడవకుండా.

ఆగస్టు 9, శనివారం

పొద్దున ఆరింటికి బయలుదేరారు. తుంపర. సుమిత్ర వేసుకున్న రెయిన్‌కోటు నాదే, ఆమెకు పాదాల దాకా వచ్చింది. వాడికి ఇంట్లోనే రాఖీ కట్టింది, మిఠాయి పెట్టింది. వాడు కాళ్లు మొక్కాడు. నేను గేటు తీశాను.

గేటు తీసిన చేయి దాన్ని మూయలేదు. తుంపర వాన అయింది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి మీద ఎలా ఎత్తుతారు? మళ్లీ చేశాను. ఐదోసారికి బనియన్ మీద చొక్కా వేసుకుని నా బండి తీశాను.

జనగామ నుంచి ఘన్‌పూర్ దాకా నేను బండి ఎలా నడిపానో రాయను. బోడి టైర్లు. నలభై దాటితే వెనక చక్రం తన దారి తాను చూసుకుంటోంది. మేము పడిన మలుపు దగ్గర రోడ్డు పక్కన ఎర్రటి గుడ్డ కనబడి బండి ఆపాను. ఎవరిదో ఫ్లెక్సీ ముక్క. రెండు కాళ్లూ నేలకు రాసుకుంటూ ఆ మలుపు తిప్పాను. ఈ వయసులో నేర్చుకునే పని కాదు.

ఘన్‌పూర్‌లో చాయ్ హోటల్ రేకుల కింద వాళ్ల బండి. సుమిత్ర బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. ధర్మేందర్ తువ్వాలతో తల తుడుచుకుంటున్నాడు.

నేను ఎవరితో మాట్లాడలేదు. బండి స్టాండు కూడా వేయలేదు, గోడకు ఆనించాను. పోయి వాడి ముందు చక్రం దగ్గర బురదలో కూర్చున్నాను. టైరు గోడంతా మట్టి. వేళ్లతో తుడిచాను. అక్షరాలు తగిలాయి, అంకెలు తగిలాయి. బాణం తగిలింది.

ముందుకు చూస్తోంది.

చొక్కా కొసతో మళ్లీ తుడిచాను. చక్రం చుట్టూ వెళ్లి రెండో వైపూ చూశాను. ముందుకే.

"ఏమైంది బావా?" ధర్మేందర్ నా పక్కన వంగాడు. గొంతు తగ్గించాడు. "గాలి తక్కువున్నదా?"

"లేదు. సరిగనే ఉంది."

"నేను నిన్ననే చెప్పిన కద," అన్నాడు.

సుమిత్ర ఇడ్లీ పళ్లెంతోనే వచ్చింది. "ఏం పుట్టింది నీకు? గింత వానల, గీ బోడి టైర్లేసుకొని, ఒక్కనివి ఉరికొచ్చినవా? పడితే ఎవలు ఎత్తాలె నిన్ను?"

"ఫోను ఎత్తలేదు మీరు," అన్నాను.

"ఎత్తకుంటే? సచ్చినమనుకున్నవా?"

నా ముఖంలో ఏం కనబడిందో ఏమో. పళ్లెంలో మిగిలిన ఇడ్లీ నా ముందు పెట్టింది. "తిను. తిని బస్సుల ఇంటికి పో. బండి ఈన్నే పెట్టు."

వాళ్లు పోయారు. నేను బస్సెక్కాను. నిలబడ్డాను.

ఆగస్టు 12, మంగళవారం

నిన్న క్షేమంగా వచ్చారు. పెద్దన్న చీర పెట్టాడట. మొన్న వాన ఆగాక నేను బస్సులో ఘన్‌పూర్ పోయి నా బండి మెల్లగా తెచ్చుకున్నాను.

ఇవాళ రాంజీ దుకాణానికి పోయాను. మానుకోటలో నా చేతికింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు స్టేషన్ రోడ్డులో పంక్చర్లు వేస్తాడు. ఇప్పటికీ నన్ను ఉస్తాద్ అంటాడు. అటూ ఇటూ మాట్లాడి, ధర్మేందర్ బండి మాట తీశాను.

"ఆ, వచ్చిండు కదా, పోయిన నెల. ముందు టైరు ఉల్టా పడ్డది ఉస్తాద్. తీసి తిప్పిచ్చిన. ‘ఎవడు ఏసిండన్నా గిట్ల, కండ్లు దొబ్బినయా వానికి?’ అన్న. ‘నేనే ఏసుకున్న, నాకు రాదు’ అన్నడు."

"ఎప్పుడు?"

రాంజీ వేళ్లు మడిచాడు. "ఆ గురువారం. సంత ఉండె ఆ దినం. పదో తారీకు."

పదో తారీకు. సుమిత్ర వాడి వెనక మొదటిసారి కూర్చున్నది పదకొండున. నేను ఒక నెల పాటు చచ్చిపోతూ మోసిన టైరు రెండే రోజులు తిరగబడి ఉంది.

వాడికి తెలుసు. రెండు రోజుల్లో కనిపెట్టాడు. అక్కకు చెప్పలేదు, నన్ను అడగలేదు, రాంజీ చేత తిట్లు తిన్నాడు. నా ముప్ఫై ఒక్కేళ్ల పేరును వాడి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, చిల్లరలాగా, చప్పుడు కాకుండా.

పొరపాటనుకున్నాడో, మరొకటి అనుకున్నాడో తెలియదు. అడగలేను.

రాంజీ టీ తెప్పించాడు. "కండ్లు దొబ్బినయ్ అంటే దొబ్బినట్టే ఉస్తాద్, బాణం గూడ చూడకపోతే ఎట్ల?" అని మళ్లీ అన్నాడు. నిజమే అన్నాను.

ఆగస్టు 13

టైర్ల విషయంలో అసూయ ఉండేది. ఇప్పుడు ఈ విషయంలో కూడా మొదలైంది. నేనైతే వాడిలా నోరు మూసుకుని ఉండేవాణ్ణా? ఉండేవాణ్ణి కాదు. ఊరంతా చెప్పి, సామెత కూడా ఒకటి కట్టేవాణ్ణి.

ఆగస్టు 17, ఆదివారం

ధర్మేందర్ ఇంటికి పోయి, "నా బండికి గూడ ఆర్డర్ పెట్టు, ఫోన్ల," అన్నాను.

"చెయ్యి పెట్టి చూడవా బావా?"

"పదకొండు వందల మంది చూసిన్రు కద."

వాడు నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని బండి పేరు, సైజు నాతోనే కొట్టించాడు. నా వేలు లావు, ఒక అక్షరం కొడితే రెండు పడుతున్నాయి. "బొటనేలు కాదు బావా, సూపుడు వేలు," అన్నాడు.

ఆగస్టు 22, శుక్రవారం

టైర్లు నిన్న వచ్చాయి. నొక్కి చూశాను. బాగున్నాయి. "తమ్ముడు పెట్టిండు కాబట్టి మంచియి వచ్చినయ్," అంది సుమిత్ర. పెట్టింది నా వేలే అని చెప్పబోయి మానుకున్నాను.

ఇవాళ పొద్దున వేశాను. ధర్మేందర్ వచ్చి, అడగకుండానే ముందు చక్రం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. మొదటి అంచు ఎక్కింది. రెండోదానికి లివరు పెట్టాను. వాడి బొటనవేలు బాణం మీద ఉంది. వాడు పట్టుకున్న వైపు చూశాను, బండి తల ఎటుందో చూశాను, మళ్లీ బాణం చూశాను. వాడు వేలు తీశాడు. నేను ఎక్కించాను.

నిమ్మకాయ ఇంట్లో ఒకటే ఉంది. సుమిత్ర దాన్ని కోసి రెండు చక్రాల కింద చెరో చెక్క పెట్టింది.

సాయంత్రం మార్కెట్‌కు పోయాం. ఆమె వెనక కూర్చుని సీటు కడ్డీ పట్టుకుంది. అర కిలో దొండకాయలు, ఒక కొత్తిమీర కట్ట తెచ్చాం.